రెండో నంబరు

మా ఇంట్లో ఫ్యాను ఆగిపోతే ఇప్పటికీ ఎలక్ట్రీషియన్ని పిలుస్తారు. పేపరు మిల్లులో ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ అప్రెంటిస్‌గా నేను చేరి రెండో ఏడు నడుస్తోంది. మనిషెత్తు మోటార్లకు తీగలు విప్పి మళ్ళీ కలిపే పని నాది. అయినా ఆ సాయంత్రం హాల్లో ఫ్యాను ఆగగానే మా ఆయన వీధి చివర షాపతనికి ఫోన్ చేశాడు. "కెపాసిటర్ పోయుంటుంది, నేను చూస్తానుండండి" అన్నాను. "నువ్వా?" అని నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. "నువ్వు స్టూలెక్కి ఫ్యాను విప్పుతుంటే వాడు కింద నుంచుని చూస్తుండాలా? కిటికీలన్నీ తీసున్నాయి, ఎదురింటివాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అంది. వచ్చినతను స్టూలెక్కాడు. నేను టార్చి పట్టుకున్నాను. అతను కెపాసిటర్ మార్చాడు. నేను టీ పెట్టిచ్చాను. అతను వెళ్ళాక మా ఆయన సోఫాలో వెనక్కి వాలి నాకు విషయం వివరించాడు.

"కెపాసిటర్ పోయిందంట."

ఒళ్ళు మండింది. ఆ మంట మీదే ఇంకో మాట వేశాడు. "రేపు బావ భోజనానికొస్తున్నాడు. మధ్యాహ్నానికల్లా వచ్చెయ్." బావంటే మా ఆయన అక్క మొగుడు, ఈ ఇంటి అల్లుడు. ఆయన వస్తున్నాడంటే అత్తయ్య కర్టెన్లు మారుస్తుంది, మా ఆయన గొంతు మారుస్తాడు. ఎప్పుడో బావ ఏదో పెళ్ళిలో నలుగురి ముందు అన్నాడట, "మావాడు పెళ్ళాన్ని ఫ్యాక్టరీకి పంపి వీడు ఇంట్లో గరిటె తిప్పుతాడు" అని. ఆ మాట మా ఆయనకు ఇప్పటికీ గొంతులో ముల్లు. ఆయన జన్మలో గరిటె పట్టింది లేదు, అయినా ఆ నింద మాత్రం మోస్తున్నాడు. గరిటె తిప్పేది నేను, ఫ్యాక్టరీకి పోయేది నేను, అవమానం మాత్రం ఆయనది.

"రేపు కుదరదు. చెక్కపేళ్ళ కన్వేయర్ ఆపుతున్నారు. సెన్సరు మార్చే పని నన్ను ఒక్కదాన్నే చెయ్యమన్నారు, మొదటిసారి" అన్నాను.

"అవన్నీ ఎప్పుడూ ఉండేవే. సగం రోజు సెలవు పెట్టు" అని టీవీ సౌండు పెంచాడు.

పొద్దున్నే లేచి వంటంతా చేశాను. కూరలు మూతలు పెట్టి బల్ల మీద సర్దాను, కంచాలు తుడిచి పెట్టాను, మంచినీళ్ళు నింపాను. వడ్డించడం ఒక్కటే మిగిలింది. చేతులున్న ఏ మనిషైనా చెయ్యగల పనే అది. గడ్డం గీసుకుంటున్న మా ఆయన వెనకాల నిలబడి, అద్దంలో ఆయన కళ్ళలోకి చూస్తూ స్పష్టంగా చెప్పాను. "అన్నీ బల్ల మీదున్నాయి. మీరే వడ్డించుకోండి. నేను సాయంత్రమే వస్తాను." ఆయన బుగ్గ మీద నురగ తుడుచుకుంటూ "చూద్దాంలే" అన్నాడు. నేను రానని చెప్తే అందులో ఆయన చూసేదేముందో నాకిప్పటికీ తెలీదు.

మిల్లులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. తొట్టెలో నీళ్ళెంత ఉన్నాయో కంట్రోల్ రూముకు చెప్పే మీటరు, తొట్టె ఖాళీగా ఉన్నప్పుడు కూడా తీగలోకి కొంచెం కరెంటు పంపుతుంది. అసలేమీ రాకపోతే తొట్టె ఖాళీ అని కాదు, తీగ తెగిందని అర్థం. "ఏమీ లేదు" అని చెప్పడం వేరు, చెప్పడానికి ఎవరూ లేకపోవడం వేరు. ఆ తేడా పట్టుకోవడం కోసమే ఆ ఏర్పాటు చేశారు. క్లాసులో మా సారు ఇది చెప్పిన రోజు నేను పెన్ను కింద పెట్టి అలా ఉండిపోయాను. మా ఇంట్లో ఈ తేడా తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను "రాను" అంటే అదీ ఒక జవాబే. వాళ్ళు మాత్రం అటునుంచి ఏమీ రాలేదన్నట్టే ఉంటారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చెప్పిన "వద్దు"లూ "కాదు"లూ అన్నీ అలాగే పోయాయి. పాలిటెక్నిక్ సర్టిఫికెట్ పెళ్ళిచీరల కింద పదేళ్ళకు పైగా పడుంది. అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు పెట్టానని చెప్పిన రోజున "సరదాగా పెట్టిందిలే, ఈ వయసులో ఎవరు తీసుకుంటారు" అని నా ముందే అత్తయ్యతో అన్నాడు. తీసుకున్నాక కూడా చాలా రోజులు ఆయనకది సరదాగానే ఉంది.

మిల్లు వాళ్ళేమీ ఎర్ర తివాచీ పరచలేదు. నాతోపాటు చేరిన కుర్రాళ్ళంతా నాకంటే బాగా చిన్నవాళ్ళు. "ఆంటీ" అని మొదలుపెట్టి, నేను కళ్ళెర్ర చేశాక "అక్కా"కు దిగారు. మా ఫోర్‌మన్‌ను వెనకాల అందరూ "కానియ్‌గారు" అంటారు. ఎప్పుడు చూసినా "కానియ్, కానియ్" అంటుంటాడు కాబట్టి ఆ పేరు. చెడ్డవాడని చెప్పలేను. ఒక్కసారి కూడా కసురుకోలేదు. "అమ్మా, నీ దస్తూరి బాగుంది, కేబుళ్ళకు లేబుళ్ళు రాయి" అనేవాడు. మొదటి ఏడంతా లేబుళ్ళే రాశాను. ఆ కుర్రాళ్ళు ప్యానెళ్ళు విప్పేవాళ్ళు, నేను టార్చి పట్టుకునేదాన్ని. ఇంట్లోనూ టార్చే, ఇక్కడా టార్చే. వెలుగు మాత్రం నేను పట్టాలి, పని మాత్రం వేరేవాళ్ళ చేతులు చెయ్యాలి. ఆడవాళ్ళ బాత్రూము యార్డు దాటి ఆఫీసు బిల్డింగులో ఉంది. వెళ్ళొచ్చేసరికి "మేడమ్‌గారు షికారుకెళ్ళొచ్చారా" అని ఎవడో ఒకడు అనేవాడు. అందుకని నీళ్ళు తాగడం మానేశాను. మూత్రంలో మంటతో డాక్టరు దగ్గరికెళితే ఆవిడ "నీళ్ళు తాగమ్మా" అని తిట్టింది. ఏం చెప్పను ఆవిడకు?

ఇక ఇంటి నుంచి వచ్చే ఫోన్లు. కన్వేయర్లున్న చోటికి ఫోన్లు తీసుకెళ్ళకూడదు, లాకర్లో పెట్టాలి. నేను ఎత్తకపోతే మా ఆయన నేరుగా కానియ్‌గారికి చేసేవాడు. గ్యాసు అయిపోయింది, స్టోరు రూము తాళం ఎక్కడ, మా అమ్మాయి స్కూలు బ్యాగు జిప్పు ఊడింది. కానియ్‌గారు అంత మంది ముందు కేకేసేవాడు, "అమ్మా, జిప్పు ఊడిందంట!" అందరూ నవ్వేవాళ్ళు. అలా ఫోన్లలోనే వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. "మీ ఆయన చాలా మంచోడమ్మా, నిన్నింత స్వేచ్ఛగా వదిలాడు" అన్నాడొకసారి. నేనేమైనా మేకనా, వదలడానికీ కట్టెయ్యడానికీ?

అక్కడ నాదంటూ ఉన్నది ఒక్కటే. నా తాళం. మిల్లులో ఏ యంత్రం మీద చెయ్యి పెట్టాలన్నా ముందు ప్యానెల్ రూములో దాని కరెంటు ఆపి, స్విచ్చుకు మన తాళం వెయ్యాలి. ఎంతమంది పనిచేస్తుంటే అన్ని తాళాలు పడతాయి. ఎవరి తాళం వాళ్ళే వెయ్యాలి, ఎవరిది వాళ్ళే తియ్యాలి. తాళంచెవి ఒక్కటే ఉంటుంది, అది మన జేబులోనే ఉండాలి. ఒక్క తాళం మిగిలినా ఆ యంత్రం కదలదు. ఒక మనిషి చెయ్యి ఇంకా దాని మీదే ఉందని ఆ తాళానికి అర్థం. దానికి ఒక ట్యాగు వేలాడుతుంది. మన ఫొటో, మన ఫోన్ నంబరు, దాని కింద మనం ఎత్తకపోతే చెయ్యడానికి రెండో నంబరు. నా తాళం నాకిచ్చిన రోజు ఇంట్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మంత్రి వచ్చినా, మిల్లు యజమాని వచ్చినా నేను తియ్యకుండా అది తియ్యకూడదని, తీస్తే లోపలున్న మనిషి ప్రాణం పోతుందని. మా ఆయన అంతా విని, "అయితే బీరువాక్కూడా అలాంటిదొకటి పట్టుకురా" అన్నాడు. రెండో నంబరు ఆయనదే రాయించాను. ఇంకెవరిది రాస్తాను?

ఆ సెన్సరు పని నాకు ఊరికే రాలేదు. బెల్టు తిరుగుతోందో లేదో కంట్రోల్ రూముకు చెప్పే చిన్న సెన్సరు అది, కన్వేయర్ చివరి రోలరు పక్కన ఉంటుంది. "ఆడమనిషివి, అంత చివర్న ఒక్కదానివీ ఎందుకమ్మా" అన్నాడు కానియ్‌గారు. "ప్రాక్టికల్‌లో ఇదే ఇస్తే టార్చి పట్టుకుని నుంచోనా?" అన్నాను. చివర్లో పెట్టే ఆ ప్రాక్టికల్ పరీక్షకు మార్కులు వేసేది కూడా ఆయనే. అది పాసైతేనే నేను టెక్నీషియన్ని. లేకపోతే ఎప్పటికీ లేబుళ్ళమ్మనే. ఆయన కాసేపు మీసం లాక్కుని "సరే, కానియ్" అన్నాడు.

ఆ రోజు ఫిట్టర్లు బెల్టుకు ఈ చివర, మోటారు వైపు పనిచేస్తున్నారు. నేను ఆ చివర. మధ్యలో మలుపు తిరిగిన షెడ్డు, ఒకరికొకరం కనిపించం. అందరం తాళాలు వేసే వెళ్ళాం. పాత సెన్సరు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, విప్పడానికే సగం పూట పట్టింది. భోజనాల వేళయిందని తెలుస్తూనే ఉంది, కానీ సగంలో వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. రోలరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, బెల్టుకూ రోలరుకూ మధ్యనుంచి చెయ్యి దూర్చి కొత్త సెన్సరు బిగిస్తున్నాను. చెక్కపేళ్ళ పచ్చివాసన, మోచేతుల దాకా గ్రీజు, చెమట. నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఆ సంగతి కూడా చెప్పాలి. ఎవరికీ ఏదీ అందివ్వకుండా, ఎవరూ పిలవకుండా ఉన్న పూట నా జీవితంలో చాలా అరుదు.

హారన్ మోగింది.

బెల్టు కదిలేముందు కొన్ని క్షణాలు మోగే హారన్ అది. మొదట నాకర్థం కాలేదు. నా తాళం ఉంది కదా, ఇది ఇంకేదో బెల్టుదై ఉంటుందనుకున్నాను. తర్వాత రోలరు చిన్నగా మూలిగింది. చెయ్యి లాక్కున్నాను. చెయ్యి వచ్చింది, గ్లౌజు రాలేదు. బెల్టు దాన్ని రోలరు కిందికి లాక్కుపోయింది, స్పానరుతో సహా. పక్కనున్న ఎమర్జెన్సీ తాడు పట్టుకుని వేలాడాను. బెల్టు ఆగింది. గ్లౌజు అంత తేలిగ్గా ఊడిరావడానికి కారణం అది మగవాళ్ళ సైజు కావడం. ఆడవాళ్ళ సైజు తెప్పించమని ఎన్నిసార్లు అడిగినా తెప్పించలేదు. "చూశావా, అదే మంచిదైంది" అన్నారు తర్వాత. దానికి నేను కృతజ్ఞతలు చెప్పలేదు, చెప్పను కూడా.

ప్యానెల్ రూముకు ఎలా నడిచానో గుర్తులేదు. అక్కడ బల్ల మీద నా తాళం రెండు ముక్కలై పడుంది. ట్యాగు మీద నా ఫొటో నవ్వుతోంది. పక్కన పెద్ద కట్టరు. కానియ్‌గారు నన్ను చూసి తెల్లబోయాడు. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా?

"నువ్వు ఇంటికెళ్ళలేదా?"

మధ్యాహ్నం సేఫ్టీ ఆఫీసరు గదిలో విచారణ పెట్టారు. సేఫ్టీ ఆఫీసరు కళ్ళజోడు పైకి తోసుకుని కానియ్‌గారిని అడిగాడు, తాళం ఎందుకు కోశావని. ఫిట్టర్లు తమ తాళాలు తీసుకుని భోజనాలకు వెళ్ళారట. ఒక్క నా తాళమే మిగిలిందట. కంట్రోల్ రూమువాళ్ళు పేళ్ళు అయిపోతున్నాయని చంపుకు తింటున్నారట. నాకు ఫోన్ చేశాడట. ఫోన్ లాకర్లో ఉందని ఆయనకు తెలీదా? ఆయన పెట్టిన రూలే కదా.

"ఆ చివరిదాకా వెళ్ళి చూశావా?"

కానియ్‌గారు తల వంచుకున్నాడు. తర్వాత ఉన్నట్టుండి ధైర్యం వచ్చినవాడిలా తలెత్తాడు. "ఊరికే కొయ్యలేదు సార్. వాళ్ళాయన్ని అడిగే కోశాను."

"ఏమని అడిగావు?" అన్నాడు సేఫ్టీ ఆఫీసరు.

"ట్యాగు మీదున్న రెండో నంబరుకే చేశాను. మీ ఆవిడ తాళం తియ్యకుండా వెళ్ళినట్టుంది, ఇంటికొచ్చిందా అని అడిగాను. వచ్చింది, ఇక్కడే వడ్డిస్తోంది అన్నాడు. ఇంకేం అడగను సార్? మొగుడే చెప్పాక!"

అబద్ధమాడుతున్నాడనుకున్నాను. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి దొరికినదాన్నల్లా అడ్డం పెట్టుకుంటున్నాడనుకున్నాను. మా ఆయన మీద నాకు లక్ష కోపాలున్నాయి కానీ, ఇది మాత్రం చెయ్యడనిపించింది. "మా ఆయన అలా అనరు" అన్నాను. ఆ గదిలో నేనన్న మొదటి మాట అదే. ఆయన తరఫున మాట్లాడాను. ఆ మాట తలుచుకుంటే నామీద నాకే కంపరం పుడుతుంది. సేఫ్టీ ఆఫీసరు రేపు పొద్దున వచ్చి జరిగింది జరిగినట్టు రాసివ్వమని పంపేశాడు.

ఇంటికొచ్చేసరికి బావ వెళ్ళిపోయాడు. బల్ల మీద ఎంగిలి కంచాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కూరల గిన్నెలు మూతల్లేకుండా ఉన్నాయి, మెతుకులు ఎండిపోయి ఉన్నాయి. మా ఆయన సోఫాలో ఉన్నాడు. నేను చెప్పులు కూడా విప్పలేదు.

"మధ్యాహ్నం మిల్లు నుంచి ఫోనొచ్చిందా?"

"ఆ, వచ్చింది."

"ఏమన్నారు?"

"ఏమంటాను? ఏదో అన్నాను. భోజనాల మధ్యలో ఫోను..."

"నేను ఇంట్లో ఉన్నానన్నారా?"

ఆయన రిమోట్ వెతుక్కున్నాడు. వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య అందుకుంది. "అల్లుడు ఎదురుగా కూర్చునుంటే మరేమంటాడే? అప్పటికే అల్లుడు రెండుసార్లు అడిగాడు, మీ ఆవిడేదీ, రాలేదా అని. దారిలో ఉందని చెప్పాడు వీడు. ఇంతలో ఫోను. అందరికీ వినబడుతోంది. పెళ్ళాం నా మాట వినలేదు, రానని పొద్దున్నే చెప్పిపోయింది అని ఆయన ముందు చెప్పుకోమంటావా? వాడి పరువేం కావాలి?"

పొద్దున అద్దంలో చూసి చెప్పిన మాట ఆయన చెవిలో పడిందన్నమాట. రానని చెప్పిపోయిందని అత్తయ్యకు కూడా తెలిసిందంటే ఆయనే చెప్పి ఉంటాడు. నేను రాలేదని తెలుసు. మిల్లులోనే ఉన్నానని తెలుసు. తాళం తియ్యలేదని ఫోర్‌మన్ చెప్పాడు. తాళం అంటే ఏంటో నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అన్నీ తెలిసి కూడా బావ ముందు చిన్నబోకుండా ఉండటం కోసం నన్ను తెచ్చి వంటింట్లో నిలబెట్టాడు. చేతికి గరిటె కూడా ఇచ్చాడు. నేను బెల్టు పక్కన మోకాళ్ళ మీద ఉన్న వేళకు, ఆయన చెప్పిన ఇంకో నేను ఇక్కడ వడ్డిస్తోంది. ఆ ఇంకో నేనంటేనే వీళ్ళకిష్టం. ఆవిడ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది, పిలిస్తే పలుకుతుంది. ఆవిడ కోసం నా చెయ్యి పోయినా ఫర్వాలేదు.

"నా చెయ్యి పోయేది" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. "నా చెయ్యి పోయేది! మనిషినే పోయేదాన్ని!"

"పోలేదుగా?" అన్నాడు. అని, తనకే ఎబ్బెట్టుగా అనిపించిందేమో, గొంతు తగ్గించాడు. "నాకేం తెలుసు, వాళ్ళు వెంటనే ఆన్ చేసేస్తారని? వెళ్ళి చూసుకోవాల్సింది వాళ్ళు కదా. తప్పు వాళ్ళది. గోరంతది కొండంత చెయ్యకు."

నిజమే, తప్పు వాళ్ళది కూడా. ఆ "కూడా" ఈయనకు ఎప్పటికీ అర్థం కాదు. చెయ్యి బాగానే ఉందా అని అడగలేదు. గ్రీజు పట్టిన ఆ చేతితోనే ఎంగిలి కంచాలు తియ్యబోయాను, అలవాటుగా. రెండు కంచాలు ఎత్తాక ఏం చేస్తున్నానో తెలిసి, మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. స్నానానికి వెళ్ళి చాలాసేపు నీళ్ళ కింద నిలబడ్డాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. పళ్ళు కొరుక్కుని కొరుక్కుని దవడలు నొప్పిపుట్టాయి.

బయటికొచ్చేసరికి మా ఆయన ఫోన్‌లో ఉన్నాడు. "అవునండీ... నేను చెప్తానండీ... మీరేం కంగారుపడకండి" అంటున్నాడు. పెట్టేసి, ఏదో పెద్ద చిక్కు విప్పినవాడిలా నా దగ్గరకొచ్చాడు.

"మీ ఫోర్‌మనే. పాపం, చాలా భయపడుతున్నాడు. పిల్లలుగలవాడు, ఉద్యోగం పోతుందట. అంతా మాట్లాడేశాను. నువ్వేం చెయ్యక్కర్లేదు. ఫోన్ చేసుకోవడానికని తాళం తియ్యకుండా కాసేపు బయటికెళ్ళాను, వాళ్ళకు చెప్పడం మర్చిపోయాను అని రాసివ్వు. చిన్న వార్నింగుతో పోతుంది. నీ ప్రాక్టికల్ సంగతి తాను చూసుకుంటానన్నాడు. నీకూ మంచిదే, ఆయనకూ మంచిదే."

"మీకూ" అన్నాను.

"నాకేముంది ఇందులో?"

"మీ పేరు రాదు."

మూతి ముడుచుకున్నాడు. "నేను నీకోసం మాట్లాడితే నన్నే అంటావు. మొగుడి మీద కంప్లయింటు రాసిచ్చే ఆడదాన్ని ఎక్కడైనా చూశామా?" వెనకాల అత్తయ్య "అదే కదా" అంది.

మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్ళు ఫోన్‌లో మాట్లాడుకుని నేనెక్కడున్నానో తేల్చారు. సాయంత్రం మళ్ళీ అదే ఇద్దరు, అదే ఫోన్‌లో, నేనేం చేశానో కూడా తేల్చారు. ఈసారి నేను ఇంట్లోనే, స్నానాల గదిలో ఉన్నాను, కాసేపాగితే నేనే పలికేదాన్ని. నన్ను అడగాలని ఇద్దరికీ తట్టలేదు. ప్రాక్టికల్ పోతుందన్న భయం నాకు లేదని కాదు. రెండేళ్ళు కడుపు కట్టుకుని, మంటలు భరించి, లేబుళ్ళు రాసి, టార్చీలు పట్టి అక్కడిదాకా వచ్చాను. ఆ సర్టిఫికెట్ నాకెంత కావాలో వీళ్ళెవరికీ తెలీదు. కానీ అబద్ధం రాసిచ్చి తెచ్చుకున్న సర్టిఫికెట్‌లో నేను తాళం మర్చిపోయే మనిషిని. ఆడవాళ్ళంతే, ఇంటి ధ్యాసలో తాళాలు మర్చిపోతారు, ఫోన్లు చేసుకోవడానికి పరిగెడతారు. నా తర్వాత ఏ ఆడపిల్ల అక్కడ చేరినా నా కాగితం చూపించి దాని చేతికి టార్చి ఇస్తారు.

పొద్దున వంట చెయ్యలేదు. కంచాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. మా ఆయన అద్దంలోంచి "ఆ కాగితం సంగతి..." అన్నాడు. "విన్నాను" అని తలుపు వేసి వచ్చేశాను.

సేఫ్టీ ఆఫీసరు గదిలో కానియ్‌గారు ముందే కూర్చునున్నాడు. నన్ను చూసి చనువుగా తలూపాడు, ఇంట్లో మాట అయిపోయిందిగా అన్నట్టు. నేను కూర్చుని రాశాను. తాళం వేశానని, తియ్యలేదని, చోటు వదిలి ఎక్కడికీ వెళ్ళలేదని. ఫోర్‌మన్ చివరిదాకా వచ్చి చూడలేదని. నేను ఇంట్లో లేనని తెలిసి కూడా నా భర్త ఉన్నానని చెప్పాడని. నా తాళాన్ని నమ్మి నన్ను వెతకాల్సిన చోట, ఆయన మాట నమ్మి నా తాళం కోశారని. నిన్న సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి నాచేత ఏం రాయించాలని చూశారో కూడా రాశాను. నా దస్తూరి బాగుంటుంది, అందరికీ తెలుసు. ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యాల్సిన అవసరం రాలేదు.

కానియ్‌గారు కాగితం లాక్కుని చదివాడు. "ఏంటమ్మా ఇది? మీ ఆయనతో మాట్లాడాను కదా!"

"ఆయన మీ బెల్టు దగ్గర పనిచెయ్యడం లేదండీ."

"మరి నీ ప్రాక్టికల్?"

"పెట్టేవాళ్ళు పెడతారు. మీరు ఫెయిల్ చేస్తే వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను. ఆ పైయేడు మళ్ళీ రాస్తాను. నేను పోను."

సేఫ్టీ ఆఫీసరు కాగితం రెండుసార్లు చదివాడు. "ఇది పైకి వెళ్తుంది. మీవారినీ పిలుస్తారు. తెలుసు కదా?" అన్నాడు. తెలుసన్నాను. ఆయన కొత్త తాళం ఇప్పించమని స్టోరుకు చీటీ రాసిచ్చాడు. తాళం లేకుండా పనిలోకి వెళ్ళనివ్వరు.

స్టోరులో ముసలాయన కొత్త తాళం, కొత్త ట్యాగు బల్ల మీద పెట్టాడు. నా ఫొటో అంటించాడు. నా ఫోన్ నంబరు రాశాడు. పెన్ను ఇంకాస్త కిందికి జరిపి, తలెత్తకుండానే అడిగాడు.

"రెండోది మీ ఆయనదేనా?"

"కాదు. ఎవరిదీ వద్దు."

"ఎవరిదో ఒకరిది ఉండాలమ్మా. రేపు నువ్వు ఫోన్ ఎత్తకపోతే, నువ్వెక్కడున్నావో ఎవర్ని అడగాలి?"

"ఎవర్నీ అడగొద్దు" అన్నాను. "నేను ఎత్తలేదంటే లోపలున్నట్టే. వచ్చి వెతకండి."